ది ఫౌంటెన్: మందు వెతికే భర్త, తోడు అడిగే భార్య

డారెన్ అరొనోఫ్‌స్కీ తీసిన 'ది ఫౌంటెన్' సినిమా 2006లో వచ్చింది. దాని మీద గొడవ ఇప్పటికీ తెగలేదు. వెనిస్ చిత్రోత్సవంలో విలేకరులకు వేసిన ఆటలో కొందరు గోల చేశారు. అదే ఉత్సవంలో ప్రేక్షకుల ముందు వేసినప్పుడు జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఇవాళ ఎవరిని కదిపినా అవే రెండు జవాబులు వస్తాయి. నచ్చినవాళ్లకు అది ప్రాణం, నచ్చనివాళ్లకు తలాతోకా లేని గందరగోళం.

నేను నచ్చినవాళ్ల వైపే. అయితే నా కారణాలు వేరు. క్యాన్సర్ ఇక నయం కాదని తేలిన రోగులను చూసుకునే వార్డులో నర్సుగా పనిచేస్తాను. నొప్పి తగ్గించడం, ఆయాసం లేకుండా చూడటం, నిద్ర పట్టేలా చేయడం మా పని. ఈ సినిమా గురించి రాసేవాళ్లు చాలామంది మూడు కాలాల చిక్కుముడిని విప్పడం మీదే దృష్టి పెడతారు. ఆ ముడి విప్పినా విప్పకపోయినా, మధ్యలో ఒక మొగుడూ పెళ్లాల కథ ఉంది. చావు దగ్గరపడిన ఇంట్లో ఏం జరుగుతుందో అంత సూటిగా చూపించిన సినిమాలు నాకు ఎక్కువగా తగలలేదు.

ముందు కథ. పాతకాలపు స్పెయిన్‌లో, మతవిచారణ పేరుతో మనుషుల్ని చంపుతున్న రోజుల్లో, తొమాస్ అనే యోధుడు ఉంటాడు. ఆపదలో ఉన్న రాణి ఇసబెల్‌ను కాపాడటానికి సముద్రం దాటి, మధ్య అమెరికాలో మాయా తెగవాళ్లు ఉండే అడవుల్లో దాగిన, చావు లేకుండా చేస్తుందనే జీవవృక్షాన్ని వెతుకుతూ వెళ్తాడు. మన కాలంలో టామీ క్రియో అనే పరిశోధకుడు, అతని భార్య ఇజ్జీ ఉంటారు. ఆమెకు మెదడులో కణితి. అతను కోతుల మీద మందులు పరీక్షిస్తూ దానికి విరుగుడు కనిపెట్టాలని రాత్రింబగళ్లు ల్యాబ్‌లోనే గడుపుతాడు. మూడో కథ ఎప్పుడో రాబోయే కాలానిది. గుండుతో ఉన్న ఒక ఒంటరి మనిషి, పారదర్శకంగా ఉన్న ఒక గోళంలో, ఎండిపోతున్న చెట్టును వెంటబెట్టుకుని, చనిపోతున్న నక్షత్రం చుట్టూ ఉన్న బంగారు రంగు నీహారిక (వాయువు, ధూళి మేఘం) వైపు వెళ్తుంటాడు. ముగ్గురూ హ్యూ జాక్‌మనే. రాణిగా, ఇజ్జీగా చేసింది రేచల్ వైజ్. స్పెయిన్ కథ నిజానికి ఇజ్జీ చేత్తో రాస్తున్న నవల. చివరి అధ్యాయం రాయకుండా ఉంచి, నువ్వే పూర్తి చెయ్యమని భర్తను అడుగుతుంది.

సినిమా అంతా ఒక చిన్న సన్నివేశం చుట్టూ తిరుగుతుంది. ఇజ్జీ తెల్ల కోటు వేసుకుని ల్యాబ్‌కి వస్తుంది. బయట ఆ ఏడాది మొదటి మంచు పడింది, నాతో కాసేపు నడవడానికి రా అని అడుగుతుంది. అటు కోతికి ఆపరేషన్ చేయాలి, లోపల మనుషులు కాచుకుని ఉన్నారు. టామీ ఇప్పుడు కుదరదంటాడు. ఆమె వెళ్లిపోతుంది. అంతే. ఇందులో గొడవ లేదు, పెద్ద మాటలు లేవు. కానీ అరొనోఫ్‌స్కీ ఈ ఘట్టాన్ని మళ్లీ మళ్లీ తెస్తాడు. వెంట వెళ్లి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న సినిమా పొడవునా టామీని వదలదు. వేల మైళ్లు, వందల ఏళ్లు దాటిపోయిన మనిషిని కూడా ఆ పిలుపే వెంటాడుతుంది.

ఇలాంటి భర్తలను నేను చూస్తూనే ఉంటాను. చేతిలో ఫైలు, అందులో స్కాన్ రిపోర్టులు, ఫోన్‌లో ఎవరో పంపిన కొత్త మందు పేరు. డాక్టర్ కనిపిస్తే లేచి వెంటపడతారు. కారిడార్‌లో నిలబడి ఇంకో ఆసుపత్రికి, ఇంకో స్పెషలిస్టుకి ఫోన్లు చేస్తారు. ఆ తిరుగుడంతా ప్రేమే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంటుంది. మాట ఇంకా స్పష్టంగా ఉన్న రోజుల్లో ఒకావిడ నన్ను పిలిచి, "సిస్టర్, ఆయన్ని కాసేపు ఇక్కడ కూర్చోమని మీరు చెప్పండి. నేను చెబితే ధైర్యం పోయిందేమోనని ఇంకా కంగారు పడుతున్నారు" అంది. బయటికి వెళ్లి చెప్పాను. "ఈ ఒక్క రిపోర్టు మెయిల్ చేసి వచ్చేస్తానమ్మా" అన్నారాయన. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? ల్యాబ్‌లో టామీ ఇజ్జీకి ఇచ్చిన జవాబూ అలాంటిదే. సినిమా అతన్ని దుర్మార్గుడిగా చూపించదు. అతను చేస్తున్న పని మంచిదే, ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె ఒక్కతే ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకునే ధైర్యం ఈ కథకు ఉంది.

ఉంగరం సంగతి కూడా ఇందులో భాగమే. ఆపరేషన్‌కు చేతులు కడుక్కునే ముందు టామీ పెళ్లి ఉంగరం తీసి పక్కన పెడతాడు. తర్వాత చూస్తే ఉండదు. ఇజ్జీ పోయాక, నవల పూర్తి చెయ్యమని ఆమె ఇచ్చిన కలం, సిరాతోనే తన వేలి చుట్టూ ఉంగరాన్ని పచ్చబొట్టులా పొడుచుకుంటాడు. భవిష్యత్తులోని మనిషి చేతుల మీద అలాంటి గీతలు వలయాలు వలయాలుగా పైదాకా ఉంటాయి, చెట్టు మానులో ఏటేటా చేరే వలయాల మాదిరిగా. ఎన్నేళ్లు గడిచాయో ఎవరూ చెప్పరు. ఆ చెయ్యి చూస్తే తెలిసిపోతుంది. రాయమని ఇచ్చిన సిరాను ఒంటి మీద లెక్కలు గీసుకోవడానికే వాడుకున్నాడన్న సంగతి అర్థమయ్యాక ఆ చేతుల వైపు చూడటం నాకు కష్టమైంది.

జబ్బును చూపించిన తీరులో కొన్ని చోట్ల సినిమా చాలా నిజాయితీగా ఉంది. స్నానపు తొట్టె దగ్గర, నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తనకు తెలియడం లేదని ఇజ్జీ చెబుతుంది. స్పర్శను చూసుకునే మెదడు భాగం మీద ఒత్తిడి పడితే ఇలా జరగొచ్చు. రోగులు దీన్ని వెంటనే చెప్పరు. ఇంట్లోవాళ్లు హడలిపోతారని దాచిపెడతారు. ఇజ్జీ కూడా అలాగే దాస్తుంది. తెలిసిన మరుక్షణం టామీ మొగుడి నుంచి డాక్టర్‌గా మారిపోతాడు. తన లోపల ఏదో మారిందని ఆమె చెప్పబోతున్న మాట అతని చెవికి ఎక్కదు. అతనికి అక్కడ కనిపించేది ఒక లక్షణం మాత్రమే. మ్యూజియంలో ఆమె కుప్పకూలిపోయే ఘట్టం కూడా అంతే హఠాత్తుగా వస్తుంది. మా రోగుల ఇళ్లలోనూ అలాగే, మామూలు మాటల మధ్యలోనే.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. ఇజ్జీ చివరిదాకా ఎంత అందంగా ఉంటుందో! జుట్టు పొట్టిగా కత్తిరించారు, ముఖం కాస్త పాలిపోయింది, అంతవరకే. మెదడులో కణితి ఉన్నవాళ్లకు వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇవ్వడం మామూలు. వాటితో ముఖం ఉబ్బుతుంది, ఆకలి ఆగదు, రాత్రి నిద్ర ఉండదు, చిన్నదానికే చిరాకు వస్తుంది. అద్దంలో చూసుకుని ఇది నేను కాదని ఏడ్చే ఆడవాళ్లను ఓదార్చడం మా పనిలో పెద్ద భాగం. సినిమా ఆ ముఖాన్ని చూపించడానికి జంకింది. అంతకంటే పెద్ద లోపం ఇంకోటుంది. తనకిప్పుడు భయం లేదని ఇజ్జీ చెబుతుంది. మంచిదే, అలా చెప్పగలిగిన వాళ్లు ఉంటారు. కానీ భయం ఉన్నప్పుడు ఆమె ఎలా ఉండేది? ఏ రాత్రి ఏం ఆలోచించి దాన్ని దాటింది? ఒక్క సన్నివేశం కూడా లేదు. మా దగ్గర రోగులు డబ్బు గురించి దిగులు పడతారు, అన్నం రుచి లేదని విసుక్కుంటారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద మండిపడతారు, ఆ తర్వాతే ఎప్పుడో కొందరికి నెమ్మది దొరుకుతుంది. ఇజ్జీకి ఆ దారి లేదు. ముందే చేరుకున్న మనిషిగా కనిపిస్తుంది. సినిమా మొత్తం భర్త కళ్లతో చూస్తోంది కాబట్టి అలా ఉందని సమర్థించవచ్చు. అయినా చనిపోతున్నది ఆమె. ఆమె మనసులోకి వెళ్లడానికి 96 నిమిషాల్లో కొన్ని నిమిషాలు దొరకాల్సింది. రేచల్ వైజ్ కళ్లలో ఆ లోతు ఉంది కాబట్టి ఈ వెలితి కొంత కప్పబడిపోయింది.

ల్యాబ్‌లో టామీ పై అధికారి లిలియన్‌గా ఎలెన్ బర్‌స్టిన్ చేసింది. ఆమె పాత్ర గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం సినిమాలో అందరికంటే పెద్దమనిషి ఆమే. పద్ధతులు పక్కనబెట్టి డోనొవాన్ అనే కోతికి తెలియని మందు ఎక్కించినందుకు టామీని నిలదీస్తుంది, ఇంటికి వెళ్లి భార్యతో ఉండమని చెబుతుంది. ఆ మందు మధ్య అమెరికాలోని ఒక చెట్టు నుంచి తీసినది. మొదట దానివల్ల కోతి గాయాలు మానతాయి, వయసు వెనక్కి మళ్లుతుంది, కణితి మాత్రం తగ్గదు. తగ్గడం మొదలైందన్న కబురు వచ్చేసరికి ఇజ్జీ పోతుంది. ఇది మరీ కుదిర్చిపెట్టినట్టు ఉందని కొందరు విమర్శిస్తారు. నేను ఒప్పుకోను. కొత్త మందుల వార్తలు ఒక ఇంటికి ఆలస్యంగా చేరడం నేను చూసిన విషయమే.

అంత్యక్రియల దగ్గర టామీ మాట్లాడే తీరు చూస్తే నాకు మహాభారతం ఆదిపర్వంలోని రురుడు గుర్తొచ్చాడు. రురుడు ప్రేమించిన ప్రమద్వర పాము కాటుతో చనిపోతుంది. తన ఆయుష్షులో సగం ఇచ్చి ఆమెను బతికించుకుంటాడు. కథ అక్కడ ఆగదు. ఆమె తిరిగి దక్కాక కూడా కసి చల్లారక, కనిపించిన పామునల్లా కొట్టి చంపుతూ తిరుగుతాడు. చివరికి డుండుభం అనే విషం లేని పాము మీద కర్ర ఎత్తితే, అది నోరు తెరిచి అతన్ని ఆపుతుంది. టామీది అదే కసి. మరణం కూడా ఒక జబ్బే, దానికీ మందు ఉంటుంది, నేను కనిపెడతాను అంటాడు. దుఃఖం అంతా పగగా మారిపోయింది. ప్రేమించిన మనిషి కోసం మొదలైన పోరాటం ఆ మనిషి లేకపోయినా సాగుతూనే ఉంటుంది. రురుడికి ప్రమద్వర దక్కింది, టామీకి ఇజ్జీ దక్కలేదు, కానీ కర్ర దించడం ఇద్దరికీ అంతే కష్టం. టామీని ఆపేది ఎవరు? ఇజ్జీ రాసిన కథే ఆపుతుందని నా అభిప్రాయం.

ఆసుపత్రి మంచం మీద ఇజ్జీ చెప్పే ఒక ముచ్చట ఉంది. ఆమెకు దారి చూపిన మాయా తెగ గైడ్ ఒకడు తన తండ్రి సమాధి మీద ఒక విత్తనం నాటాడు, అది చెట్టయింది, తండ్రి ఆ చెట్టులో, పూలలో, పండు తిన్న పిట్టలో కలిసిపోయాడని అతని నమ్మకం. సినిమాలో అసలు జవాబు ఇక్కడే ఉంది. మాయా పురాణాల్లోని మృతలోకం షిబాల్బా పేరునే ఇజ్జీ ఆకాశంలోని ఆ బంగారు నీహారికకు ఆపాదించి చెబుతుంది. భవిష్యత్తు మనిషి వెళ్తున్నది అక్కడికే.

స్పెయిన్ కథ దగ్గర నాకు సహనం తగ్గుతుంది. దీపాల వెలుగులో రాణిగారి మందిరం చూడటానికి బాగుంది, ఛాయాగ్రాహకుడు మాథ్యూ లిబాటిక్ చీకటిలో బంగారు రంగును వాడిన తీరు గొప్పగా ఉంది. కానీ మాయా ప్రజలను ఈటెలు పట్టుకుని అరిచే గుంపుగా చూపించి వదిలేశారు. వాళ్ల నమ్మకాన్ని సినిమాకు ఆయువుపట్టుగా తీసుకుని, వాళ్లకు మాత్రం సరైన ముఖం, మాట ఇవ్వకపోవడం అన్యాయం. ఇజ్జీ రాసిన నవల కదా అని సర్దిచెప్పుకున్నా నాకు తృప్తి కలగలేదు.

అంతరిక్షం భాగం అలా కాదు. నీహారికలను కంప్యూటర్‌లో తయారు చేయకుండా, పీటర్ పార్క్స్ అనే నిపుణుడు చిన్న గాజు పాత్రల్లో రసాయనాలు కలిపి, అవి పొంగి విచ్చుకుంటుంటే అతి దగ్గర నుంచి చిత్రీకరించాడు. సాలెగూళ్లలా పాకే ఆ వెలుగు ఇన్నేళ్ల తర్వాత కూడా పాతబడలేదు. ఖర్చు తగ్గించుకోవాల్సి రావడం కూడా దీనికి ఒక కారణం. ఈ సినిమాను మొదట దాదాపు 70 మిలియన్ డాలర్లతో, బ్రాడ్ పిట్, కేట్ బ్లాంచెట్‌లతో తీయాలనుకున్నారు. 2002లో ఆస్ట్రేలియాలో సెట్లు కూడా వేశాక పిట్ తప్పుకున్నాడు, అంతా ఆగిపోయింది. తర్వాత సగం బడ్జెట్‌తో, దాదాపు 35 మిలియన్లతో మళ్లీ మొదలుపెట్టారు. విడుదలయ్యాక ఆ ఖర్చులో సగం కూడా వెనక్కి రాలేదు. పెద్ద బడ్జెట్‌లో యుద్ధాలు ఎక్కువగా ఉండేవేమో. ఈ చిన్న సినిమానే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు తగ్గిన కొద్దీ కథ ఆ భార్యాభర్తల గదిలోకి వచ్చి చేరింది.

క్లింట్ మాన్సెల్ సంగీతం గురించి ఒక్క మాటతో సరిపెట్టలేను. క్రోనోస్ క్వార్టెట్ అనే తంత్రీ వాద్యాల బృందం, మోగ్వాయ్ రాక్ బ్యాండ్ కలిసి వాయించారు. చిన్న చిన్న స్వరాల వరుస ఒకటి మొదటి నుంచి వస్తూనే ఉంటుంది, ఎక్కడా ముగింపుకు చేరదు. ఇజ్జీ నవలలాగే అదీ పూర్తి కాని పాట. చివరి భాగంలో మూడు కథలూ ఒకదానిలో ఒకటి కలిసేటప్పుడు ఆ వరుస పెరిగి పెరిగి డ్రమ్ములతో, గొంతులతో పగిలి, ఒక్కసారిగా ఆగుతుంది. ఆ ఎనిమిది నిమిషాలకు పైగా నేను కదలకుండా కూర్చుంటాను. దీనికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది.

ఇక్కడి నుంచి ముగింపు గురించి చెబుతున్నాను, సినిమా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయవచ్చు. భవిష్యత్తు నిజంగా జరిగిందా, లేక టామీ రాసిన చివరి అధ్యాయమా అన్నదే అభిమానుల మధ్య ఎప్పటికీ తేలని తగువు. నేను రెండోదాన్నే నమ్ముతాను. భవిష్యత్తు మనిషి చావును ఒప్పుకున్న తర్వాతే స్పెయిన్ యోధుడి కథకు ముగింపు దొరుకుతుంది. చెట్టు పాలు ఆశగా తాగిన తొమాస్ ఒంట్లోంచి మొక్కలు, పూలు పొడుచుకొచ్చి అతన్ని నేలలో కలిపేస్తాయి. శాశ్వతంగా బతకాలన్న కోరిక అలా తీరుతుంది. ఈ ముగింపు రాయగలిగిన మనిషి దుఃఖాన్ని దాటినవాడే అయి ఉండాలి. అలా కాదు, అతను నిజంగానే వందల ఏళ్లు బతికాడని వాదించేవాళ్లకూ ఆధారాలున్నాయి, వాళ్లతో నాకు పేచీ లేదు. ఏ దారిలో చూసినా చివరికి అతను ల్యాబ్ వదిలి, మంచులో ఆమె వెనకాల నడిచివెళ్తాడు. జరగని ఆ నడక అతను ఆమెకు ఇవ్వగలిగినది, కనీసం రాతలోనైనా.

హ్యూ జాక్‌మన్‌కు కండల వీరుడిగా పేరు. ఇక్కడ అతను ఏడ్చే తీరు చూడండి, ముక్కు కారుతూ, నోరు వంకరపోతూ, అందం గురించి ఏ పట్టింపూ లేకుండా. మగవాళ్లు ఆసుపత్రి మెట్ల మీద ఒంటరిగా ఏడ్చేటప్పుడు సరిగ్గా అలాగే ఉంటారు. అతని నటనలో ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

సినిమా బరువైన మాటలతో తనను తాను మరీ గొప్పగా ఊహించుకుంటుందనే విమర్శలో కొంత నిజముంది. గాల్లో తేలుతూ ధ్యానం చేసే గుండు మనిషిని చూసి నవ్వొచ్చినవాళ్లను నేను తప్పు పట్టను. కథ వరుసగా చెబితే తప్ప కుదురుగా కూర్చోలేనివాళ్లకు ఇది పడదు. మొదటి అరగంటలో ఎవరు ఎవరన్న టెన్షన్ పెట్టుకోకుండా, ఇజ్జీ ఉన్న సన్నివేశాలను పట్టుకుని వెళ్తే చాలు, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇంట్లో ఇప్పుడు నయంకాని జబ్బుతో మనిషి ఉన్నవాళ్లకు, ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం నేను ఈ సినిమా చూడమని చెప్పను. ఆసుపత్రి భాగం మరీ దగ్గరగా తగులుతుంది. కొంతకాలం ఆగి చూడండి, అదీ ఒంటరిగా కాదు, పక్కన మాట్లాడటానికి ఒక మనిషి ఉన్నప్పుడు. మిగతావాళ్లు ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద, గది చీకటి చేసుకుని, మంచి స్పీకర్లు పెట్టుకుని చూడండి. సగం సినిమా చీకట్లోనే ఉంటుంది, చిన్న తెర మీద ఆ చీకట్లో ఏమీ కనిపించదు.